గురువమ్మ నేర్పని అడుగు

కుప్పంలో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. ఒళ్ళు జారిపోకుండా చంకల కింద తువ్వాలు పోనిచ్చి వెనక ముడేశారు. నోట్లో వక్కాకు పెట్టారు, మెడ నిండా దండలు వేశారు. పోయినవాళ్ళను పాడె ఎక్కించేముందు అట్లా కూర్చోబెట్టడం మా వైపు మామూలే. కానీ ఆమెను ఎరిగినవాళ్ళెవరికైనా ఆ కుర్చీ తప్పుగా కనబడి ఉంటుంది. కాళ్ళున్నంత కాలం ఆ మనిషి ఎక్కడా కూర్చోలేదు.

కుర్చీ ముందర శిష్యురాళ్ళు ఆకుపచ్చ చీరలు కట్టుకొని గుండ్రంగా తిరుగుతూ చెక్కభజన చేస్తున్నారు. గురువు పోతే గజ్జె కట్టి, కాటిదాకా ఆడుతూ సాగనంపడం భజనవాళ్ళ ఆచారం. ఒకామె నా చేతిలో కూడా చెక్కలు పెట్టబోయింది. నాకు రాదన్నాను. నేను పుంగనూరులో బడిపంతులమ్మని. నా కాళ్ళు తాళానికి లొంగవని గురువమ్మే ఏనాడో తేల్చేసింది. "ఇవి జీతం తీసుకునే కాళ్ళు. ఒకటో తేదీ వస్తే తప్ప కదలవు" అని అందరి ముందరా అంది.

"మీ యమ్మ రాల్యా?" అని ఆ వచ్చినవాళ్ళంతా నన్ను అడిగారు. మా అమ్మ వల్లే గురువమ్మకు అంత పేరు వచ్చింది, అడగడం న్యాయమే. ఒంట్లో బాగలేదని చెప్పాను. అమ్మ ఒళ్ళు బాగానే ఉంది. మా ఇంట్లో బాధ అదే.

గురువమ్మ అసలు పేరు రాయను. ఊరూరా అందరూ గురువమ్మ అనే అన్నారు, నేనూ అదే అంటాను. చెక్కభజన నేర్పేవాళ్ళు మామూలుగా మగవాళ్ళే. ఆమెకు తండ్రి నేర్పాడట. కొడుకులు లేక నేర్పాడని జనం అనేవాళ్ళు. ఆమె మాత్రం, "కొడుకులుండారు నాయనకి. వాళ్ళకి ఆడే కాళ్ళు ల్యా, నడిసే కాళ్ళు మాత్రం ఉండాయి" అనేది. ఏ ఊరికి పోతే ఆ ఊళ్ళో కొన్ని నెలలు ఉండిపోయేది. ఇంటికొక పూట చొప్పున శిష్యులే అన్నం పెట్టాలి. సాయంత్రం పాల కేంద్రంలో పాలు పోసి వచ్చిన ఆడవాళ్ళను ఆ కేంద్రం ముందరే వరుసగా నిలబెట్టి అడుగులు నేర్పేది. నేర్పడం పూర్తయిన రోజు గజ్జెపూజ. అంతవరకూ ఎవరూ కాలికి గజ్జె కట్టకూడదు.

గొప్పలు చెప్పుకోవడంలో ఆమెను మించినవాళ్ళను నేను చూడలేదు. "కుప్పం కాణ్ణించి మదనపల్లె దాకా సూడు, నా మాదిరి అడుగేసేదాన్ని ఒగదాన్ని పిలసకరా, దానికి నీళ్ళు మోస్తా" అనేది. వక్కాకు నములుతూ, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, చేతిలో కోలాటం కోలుతో ఆడేవాళ్ళ పిక్కల మీద తడుతూ తిరిగేది. శిష్యురాళ్ళను పేర్లతో పిలవదు. ఒళ్ళు చూసి పిలుస్తుంది. ఒకామె వంకరమెడ, ఒకామె బరువుకాలు, మరొకామె దొంగనడుము. ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఇంట్లో వాళ్ళు పిలిచే పిలుపుల కన్నా అవే నయమనిపించేవేమో.

కూర్చోకపోవడం సంగతి మొదట్లో నవ్వులాటగా ఉండేది. అన్నం నిలబడే తినేది, పళ్ళెం ఎడమచేతిలో పట్టుకొని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఊగుతూ. గోడకు కూడా ఆనుకునేది కాదు. మదనపల్లె బస్సులో ఒకసారి ఆమెతో పోయాను. సీట్లన్నీ ఖాళీ. ఆమె మధ్యలో కడ్డీ పట్టుకొని నిలబడింది. కండక్టరు, "కూర్చోమ్మా, పడితే నాకు చుట్టుకుంటాది" అన్నాడు. "టికెట్టు తీసింది మదనపల్లెకప్పా, సీటుకు కాదు" అంది. ఇంటికి పిలిచి పీట వేస్తే ఆ పీట మీద తన సంచి పెట్టేది.

దుఃఖం గురించి ఆమెకు ఒక సిద్ధాంతం ఉంది. ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పేది. "దుక్కం తలకాయలో ఉంటాదని ఎవుడన్నాడో వాణ్ణి ఈడికి రమ్మను. అది దిగుతాదమ్మా. బుజాల్లోకి, నడుముకి, మోకాళ్ళకి దిగుతాది. అరికాల్లోకి వచ్చిందాకా ఆడల్ల. వచ్చినాక తొక్కల్ల. అంతే, ఇంగేమీ ల్యా." మనిషి నిలబడిన తీరు చూసి, ఈమెకు ఎడమ కాలు భయపడుతోంది, ఈమె ఊపిరి సగంలో ఆపేస్తోంది అని చెప్పేది. చాలాసార్లు తప్పయ్యేది కూడా. పాల కేంద్రంలో పనిచేసే ఒకాయన కుడి భుజం దిగిపోయి ఉంటే, తండ్రి పోయిన దుఃఖం అక్కడ నిలిచిపోయిందని గట్టిగా చెప్పింది. వాళ్ళ నాయన గట్టిగా ఉన్నాడని, ఆ భుజం క్యాన్లు మోసి దిగిందని ఆయన అన్నాడు. "పోయినాక ఇంగా దిగుతాదిలే" అని ఆమె ముందుకు నడిచింది.

అయినా ఆమె దగ్గర కొందరికి కుదిరేది, నేను చూశాను. మొగుడు పోయాక నోరు పడిపోయిన ఒకామె, ఆట మొదలుపెట్టిన కొన్నాళ్ళకు గొంతు విప్పి మొట్టమొదట అత్తను తిట్టింది. ఇంట్లోవాళ్ళు గురువమ్మ మీదికి తగాదాకు వచ్చారు. "మాట తెప్పిస్తా అన్నాను గానీ మంచి మాట తెప్పిస్తా అన్నానా?" అంది.

మా అమ్మను ఆమె దగ్గరికి పంపింది నేనే. 

అమ్మా, చిన్నమ్మా మదనపల్లె టమోటా యార్డుకు కూలికి పోయేవాళ్ళు. కాయలు ఏరి, పచ్చివి వేరుగా పండువి వేరుగా బాక్సులకెత్తే పని. నాకు ఉద్యోగం వచ్చాక మానెయ్యమన్నాను. "మానేస్తే మా సెల్లెలు యాడ కనపడతాది?" అనేది అమ్మ. వేరే వేరే ఊళ్ళకు కాపురానికి పోయిన అక్కచెల్లెళ్ళు రోజూ కలుసుకునే చోటు ఆ యార్డే. ఒకరోజు తెల్లవారుజామున ఊరూరా ఆగి కూలీలను ఎక్కించుకొని యార్డుకు పోతున్న టెంపో మలుపులో పల్టీ కొట్టింది. వెనక నిలబడి ఉన్న అమ్మ, చిన్నమ్మ చెయ్యి పట్టుకొని ఉంది. జనం వచ్చి లేవదీసినప్పుడు కూడా పట్టుకొనే ఉంది. చిన్నమ్మ అప్పటికే పోయింది. ఆస్పత్రిలో ఇద్దరినీ విడదీయడానికి అమ్మ వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పాల్సి వచ్చింది. విప్పగానే ఆ కుడిచెయ్యి పిడికిలిగా ముడుచుకుంది. మళ్ళీ తెరుచుకోలేదు.

గోళ్ళు అరచేతిలోకి దిగి పుండయ్యేది. పాత చీరగుడ్డ చుట్టచుట్టి వేళ్ళ సందున దూర్చేదాన్ని. తడి ఆరక లోపల వాసన వచ్చేది. తిరుపతిలో చూపించాం, వేలూరులో చూపించాం. ఎముకలు బాగున్నాయి, నరాలు బాగున్నాయి. వేలూరు డాక్టరు మంచివాడు, ఓపిగ్గా చెప్పాడు. చెయ్యి భయపడి మూసుకుందమ్మా, బలవంతం చేయొద్దు, ఆమెకు ఇష్టమైన ఆటో పాటో ఏదైనా ఉంటే అందులో పెట్టండి అన్నాడు. అమ్మకు ఇష్టమైనది చిన్నమ్మ ఒక్కతే. ఇద్దరూ చిన్నప్పుడు కోలాటం ఆడేవాళ్ళని గుర్తొచ్చి గురువమ్మ దగ్గరికి పంపాను.

గురువమ్మ ఆ పిడికిలి పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. అందరూ చేసినట్టు తెరవాలని చూడలేదు. బొటనవేలి సందున కోలు దూర్చి, "మూసుకోనుండే సెయ్యే కదమ్మా కోలు పట్టేది. తెరిసిన సేతుల్తో నేనేం జేసుకునేది?" అంది. అమ్మ నవ్వింది. టెంపో పడిన తర్వాత అమ్మ నవ్వగా చూడటం నాకదే మొదలు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇంట్లో మనుషులున్నట్టు ఉండింది. అమ్మ మిగతావాళ్ళ కన్నా గట్టిగా కోలు కొట్టేది. ఎదుటివాళ్ళు చేతులు విదిలించుకునేవాళ్ళు. ఇంటికొచ్చి కాళ్ళు నొప్పులని చెప్పేది, ఆకలని చెప్పేది. ఆకలని ఒక మనిషి చెప్పడం ఎంత గొప్ప సంగతో అప్పుడు తెలిసింది నాకు. గురువమ్మ నాతో, "సూడు, కోలు అయిపోతానే చెక్కలు ఇస్తా. అప్పుడు సూద్దువు" అంది.

చెక్కలు కోలు లాంటివి కావు. రెండు చెక్కలూ ఒకే చేతిలో ఉంటాయి, ఒకటి బొటనవేలికి, ఒకటి నాలుగు వేళ్ళకి. తెరిస్తేనే మూయగలం, మూస్తేనే మోగుతుంది. అమ్మ పిడికిలిలో వాటిని ఎట్లాగో ఇరికించి, తాళం పడినప్పుడల్లా వేళ్ళను ఒక నూలుపోగంత లాగేది గురువమ్మ. లాగి వదిలేసేది. పాడుతూనే లాగేది, అమ్మకు తెలియనట్టు లాగేది.

గజ్జెపూజ రోజు ఆ పిడికిలి తెరుచుకుంది. పుంగనూరు నుంచి, రామసముద్రం వైపు నుంచి జనం వచ్చారు. గజ్జెలు కట్టి, మద్దెల వేగం పెంచాక వలయం గిరగిరా తిరుగుతోంది. అమ్మ చేతిలోంచి చెక్కలు జారి కింద పడ్డాయి. అమ్మ ఆగిపోయింది. వెనకామె వచ్చి తగిలింది, ఆ వెనకామె వచ్చి ఆమెకు తగిలింది. అమ్మ కదల్లేదు. అరచెయ్యి మొహం దగ్గర పెట్టుకొని చూస్తోంది. తెల్లగా, నాని, చంటిపిల్ల అరచెయ్యిలాగా ఉంది. గురువమ్మ తాళాలు పైకెత్తి ఈల వేసినంత పని చేసింది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఏడుస్తూ కొట్టాను. ఆ చప్పట్లలో అమ్మ ఏమంటోందో ఎవరికీ వినబడలేదు. దగ్గరికి పోతే విన్నాను.

"ఇడిసిపెట్టేసినానే. ఇడిసిపెట్టేసినానే."

అప్పుడు కూలబడి ఏడ్చింది. చిన్నమ్మను పాతిపెట్టిన రోజు ఏడవాల్సిన ఏడుపు, రాగం తీసి, నేలకు కొట్టుకొని ఏడ్చింది. ఏడవనీ, మంచిదే, బయటికి రానీ అన్నారు అందరూ. గురువమ్మ కూడా అంది. ఎవరో అదంతా ఫోన్లో తీసి వాట్సాప్‌లో పెట్టారు. పలమనేరు, కుప్పం దాకా పోయింది ఆ వీడియో. గురువమ్మ కోసం కార్లు రావడం మొదలయింది. కాలు పడిపోయినవాళ్ళనీ, పక్క తడుపుకునే పిల్లల్నీ, ఉలిక్కిపడి లేచే ఆడవాళ్ళనీ తీసుకొచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు మా ఇంటికి కూడా వచ్చి, అమ్మ చెయ్యి చూసి, కొందరు తాకి పోయేవాళ్ళు.

బయటికి వచ్చింది మళ్ళీ లోపలికి పోలేదు, తగ్గనూ లేదు. అమ్మ ఆటకు పోవడం మానేసింది. ఆకలని చెప్పడం మానేసింది. పొద్దున లేచి చేతిని తిప్పి తిప్పి చూసుకునేది. "ఇన్నాళ్ళూ నా సేతిలోనే ఉండె" అనేది. ఏం చెప్పాలి? చిన్నమ్మ నీ చేతిలో లేదమ్మా, భూమిలో ఉందని చెప్పాలా? చెప్పాను ఒకసారి. "నీకు తెల్వదులే" అంది.

ఒక సాయంత్రం గురువమ్మ మా ఇంటికి వచ్చింది. గడప దగ్గర నిలబడి, "ఆటకు యాల రావు? తెరిసినాక గదా తొక్కల్సింది. సగంలో నిలబెట్టినావు నువ్వు, అందుకే ఇట్లుండావు" అని కేకలేసింది.

అమ్మ తలెత్తకుండా, "నీకేం తెలుసక్కా. పట్టుకోని ఇడిసిపెట్టినదానివా నువ్వు?" అంది.

గురువమ్మ నోట్లో నమలడం ఆగింది. బయటికి పోయి వక్కాకు ఉమ్మి వచ్చింది. అప్పుడు చెప్పింది. కుప్పం పక్కన వాళ్ళ అత్తగారి ఊళ్ళో చెనిక్కాయలు పీకే కాలం. పొద్దుటినుంచీ వంగి పీకి, మధ్యాహ్నం కాస్త నీడలో గట్టు మీద కూర్చుందట. మూడేండ్ల కూతురు పక్కన మట్టిలో ఆడుకుంటోంది. కన్ను మూతపడింది. లేచేసరికి పిల్ల బావిలో ఉంది.

"నేను పట్టుకోనే ల్యా. కూసున్నా. అంతే నేను జేసింది" అంది. "ఆ పొద్దుకాణ్ణించి కూసోల్యా. నిలబడితే సాలదు, తొక్కతా ఉండల్ల. తొక్కినంతసేపూ పైకి రాదు. నేను బతకల్యా? నువ్వూ బతకతావు."

మా అమ్మ చెడ్డ మనిషి కాదు. ఒకరిని మాటతో పొడవడం ఆమెకు చేతకాదు. కానీ ఆ రోజు గురువమ్మ పాదాల వైపు చాలాసేపు చూసి, మెల్లగా అంది. "అయితే ఇన్నేండ్లూ నువ్వు తొక్కతాండేది ఆ బిడ్డనే గదక్కా."

ఎప్పుడూ ఒక కాలి మీంచి ఒక కాలి మీదికి ఊగే మనిషి ఊగడం ఆపింది. సంచి తీసుకొని పోయింది. ఆ తర్వాత మా ఊళ్ళో నేర్పలేదు. ఎక్కడా సరిగ్గా నేర్పలేదని, అడుగు వేయబోయి ఆగిపోతోందని, కార్లలో వచ్చినవాళ్ళను వెనక్కి పంపేస్తోందని తెలిసింది. అమ్మ అన్న మాట ఎవరికీ తెలియదు. వయసైపోయిందని అనుకున్నారు.

ఆమెకు షుగర్ ఉంది, కాళ్ళు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. వట్టి కాళ్ళతో ఆడే మనిషి, ఏ ముల్లు దిగిందో ఆమెకే తెలియలేదు. పుండు నల్లబడ్డాక కుప్పంలో ఆస్పత్రికి తీసుకుపోయారు. మోకాలి పైదాకా కాలు తీసేశారు.

ఆ కబురు చెబితే అమ్మ లేచి చీర మార్చుకుంది. ఇద్దరం బస్సెక్కి పోయాం. అమ్మ ఆ మాట అన్నందుకు తప్పయిందని చెప్పడానికి వస్తోందనుకున్నాను నేను.

గురువమ్మ మంచం మీద పడుకొని ఉంది. అంత చిన్న మనిషా అనిపించింది. దుప్పటి ఒకవైపు చదునుగా ఉంది. మమ్మల్ని చూసి గొప్పలేమీ చెప్పలేదు. నన్ను పలకరించి, అమ్మను పక్కనే కూర్చోమంది.

"నువ్వు సెప్పినట్లేమ్మా" అంది. "కాలు తీసిన పొద్దే వచ్చేసింది పిల్ల. ఇదో, ఈడనే ఉంటాది, మంచం కాళ్ళకాడ. ఇంగా అంతే ఉండాది. ఒగ ఏడు గూడా పెరగల్యా. జుట్టు తడి ఆరల్యా. నేనేమో అది కోపంగా ఉంటాదనుకోని ఉరకతా ఉండాను ఇన్నేండ్లు. దానికేం కోపం ల్యా. నన్ను సూస్తా ఉండాది, అంతే. అదే తట్టుకోల్యాక పోతాండా."

అమ్మ ఆ మంచం కాళ్ళ వైపు చూసింది. నేనూ చూశాను. సెలైన్ స్టాండూ, ఎవరివో చెప్పులూ ఉన్నాయి.

"నీ బిడ్డన్నా వచ్చిందక్కా" అంది అమ్మ. "మా సెల్లెలు రాల్యా. సెయ్యి తెరిసినకాణ్ణించి రాల్యా. మూసుకోనున్నెప్పుడు దాని ఏలు ఈడ తగలతా ఉండె, ఇదో ఈడ. ఇప్పుడు ఏమీ ల్యా." కుడి అరచెయ్యి ఆమె ముందర చాపింది. "నీకు అన్ని అడుగులూ వస్తాయి గదా. మళ్ళా మూసుకునేదెట్లో సెప్పక్కా. నేర్సుకుంటా. ఎంత కష్టమైనా నేర్సుకుంటా."

అమ్మ వచ్చింది తప్పయిందని చెప్పడానికి కాదు. ఇది అడగడానికి.

గురువమ్మ పడుకునే, రెండు చేతులతో ఆ చెయ్యి అందుకుంది. చిటికెన వేలు ముడిచింది. ఉంగరపు వేలు ముడిచింది. ఒక్కొక్కటే, ఆస్పత్రిలో ఆ రోజు విప్పినవాళ్ళు ఎంత జాగ్రత్తగా విప్పి ఉంటారో అంత జాగ్రత్తగా ముడిచింది. బొటనవేలు పైన వేసి, తన రెండు చేతుల మధ్య గట్టిగా అదిమి పట్టుకుంది. కళ్ళు మూసుకొని పెదాలు కదిపింది, ఏదో తాళం కట్టుకుంటోందనుకుంటాను. దేవుడా అనే అలవాటు నాకు లేదు, ఆ కాసేపూ అనుకున్నాను.

గురువమ్మ చేతులు తీసేసింది. అమ్మ వేళ్ళు ఒకదాని వెంట ఒకటి, మెత్తగా, ఏ నొప్పీ లేకుండా తెరుచుకున్నాయి.

గురువమ్మ వాటిని చూసింది. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకొని, చావు కబురు చెప్పేవాళ్ళ గొంతుతో అంది.

"నీకు బాగైపోయిందమ్మా."